తొమ్మిది గాజు గిన్నెలు

"ఆ బూట్లు విప్పండి," అంది ఆ అమ్మాయి.

అనుదీప్ ఒక కాలు గట్టు మీద, ఒక కాలు ఉప్పుమడిలో ఉండగానే ఆగిపోయాడు. బందరుకి తూర్పున, సముద్రం వాసన తగిలే చోట, ఎండకి కళ్ళు చెదిరేలా మెరుస్తున్న మడుల మధ్య, గుడివాడ నుంచి వచ్చిన అతనికది మొదటి రోజు.

"మీ బూట్లకి అంటుకున్న గుడివాడ బురదలో కోట్ల సూక్ష్మజీవులుంటాయండీ. ఏ ప్రాణీ లేని చోట ప్రాణం ఎలా మొదలవుతుందో చూద్దామని మేం ఇక్కడ తంటాలు పడుతున్నాం."

"సారీ అండీ. నేను నక్షత్రాల మీద పని చేస్తాను. బురద సంగతి తెలీదు."

"గుడివాడ వాళ్ళకి బురద సంగతి తెలీదా?" అంది. నవ్వలేదు గానీ, చూపు పక్కకి తిప్పుకుంది.

ఆమె పేరు నిస్సీ. ఊరు బందరు పక్క గూడూరు. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. అనుదీప్‌ది ఫిజిక్స్. విశ్వం పుట్టుక, ప్రాణం పుట్టుక వేర్వేరు కథలు కావని నమ్మే ప్రొఫెసర్ ఝాన్సీలక్ష్మి గారు యూనివర్సిటీలో నాలుగు డిపార్ట్‌మెంట్ల వాళ్ళని పోగుచేసి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టారు. నక్షత్రాల్లో తయారైన కార్బన్, నైట్రోజన్ ఈ నేల మీదికొచ్చి ప్రాణంగా ఎలా మారాయన్నది వాళ్ళ ప్రశ్న. లెక్కలు అనుదీప్‌వి, గిన్నెలు నిస్సీవి.

ఇరవై నాలుగు గాజు గిన్నెలు. వాటిలో ప్రాణం లేని చిన్న చిన్న రసాయనాలు. రోజూ సముద్రపు పోటు వచ్చినట్టు మరగించిన ఉప్పునీళ్ళు కాసిని పోసి, ఎండకి ఆరనివ్వాలి. అలా అరవై రోజులు తడిసి ఆరితే, ఆ చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకుని పొడుగాటి గొలుసులవుతాయేమో చూడాలి. గ్లోవ్స్ లేకుండా ఎవరూ వాటిని ముట్టుకోకూడదు.

అనుదీప్ పొద్దున్నే గుడివాడలో ప్యాసింజరు ఎక్కి వచ్చేవాడు. ఎండ ఎంత, తేమ ఎంత అని కొలిచి రాసుకోవడం అతని పని. పది నిమిషాల పనికి మూడు గంటలు ఉంటున్నాడని నిస్సీ కనిపెట్టింది. అడిగితే, మీటరు కుదురుకోవడానికి టైము పడుతుందన్నాడు.

"మీటరుకా, మీకా?" అంది.

నెల తిరిగేసరికి వాళ్ళ మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

నలభై మూడో రోజున, ఏప్రిల్ ఎండల్లో, ఎవరూ అనుకోని వాన వచ్చింది. పనివాళ్ళు ఉప్పు రాశుల మీద తాటాకులు కప్పడానికి పరుగెత్తారు. నిస్సీ ఇంకా దారిలో ఉంది. గాలికి గిన్నెల మీది వల మూతలు ఎగిరిపోయాయి. అనుదీప్ జేబులోంచి గ్లోవ్స్ తీశాడు గానీ తడి చేతులకి అవి ఎక్కలేదు. ఇక ఆలోచించకుండా సముద్రం వైపు వరసలోని గిన్నెల్ని ఒట్టి చేతులతోనే గట్టు మీది పాకలోకి చేరవేశాడు. తొమ్మిది చేర్చేసరికి నిస్సీ వచ్చింది. స్కూటీ డిక్కీలోంచి గ్లోవ్స్ తీసి తొడుక్కుని, అతను టార్పాలిన్ పట్టుకుంటే మిగతా పదిహేనూ ఆమే తెచ్చింది.

పాకలో ఆమె జడ నుంచి నీళ్ళు కారుతున్నాయి. వణుకుతూ అడిగింది.

"గ్లోవ్స్ వేసుకునే పట్టుకున్నావు కదా?"

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఆఁ."

అప్పుడు నవ్వింది నిస్సీ, మొదటిసారి మనసారా. నువ్వు లేకపోతే నా ఏడాది కష్టం ఇవాళ నీళ్ళపాలయ్యేదంది. ఆ నవ్వు చూశాక, ఆ ఒక్క ముక్క సరిదిద్దడానికి అతనికి నోరు రాలేదు.

అరవై రోజులూ అయ్యాక శాంపిల్స్ హైదరాబాదులోని ఒక ల్యాబుకి వెళ్ళాయి. గొలుసులు ఉన్నాయా లేవా అని మాత్రమే వాళ్ళని అడిగారు. ఉన్నాయని జవాబొచ్చింది, తొమ్మిది గిన్నెల్లో. ఒకటో నంబరు నుంచి తొమ్మిదో నంబరు దాకా.

నిస్సీ ఆనందానికి అంతు లేదు. సముద్రం వైపు వరస కాబట్టి ఉప్పుగాలి ఎక్కువ తగిలి ఉంటుందని అప్పటికప్పుడే ఒక సిద్ధాంతం అల్లేసింది. శనివారం సెమినారు. బయటి నుంచి సైంటిస్టులు వస్తున్నారు. నిస్సీ వాళ్ళ నాన్న జకరయ్య గారూ వస్తున్నారు. ఆయన గూడూరు చర్చిలో పెద్ద. దేవుడు చేసినదాన్ని మీ అమ్మాయి వెతికేదేమిటని ఎవరైనా అడిగితే, ఎలా చేశాడో చూస్తే తప్పేమిటని జవాబు చెప్పే మనిషి. కూతురు వేదిక మీద మాట్లాడితే వినడం ఆయనకిదే మొదలు.

అనుదీప్‌కి అన్నం సయించడం మానేసింది. మనిషి చర్మం మీద ప్రోటీన్లుంటాయి. అవీ గొలుసులే. ఆ తొమ్మిది గిన్నెల్లో దొరికింది ప్రాణం మొదలైన గుట్టు కాదు, తన వేళ్ళ మురికి. సోమవారం చెబుదామనుకున్నాడు, మంగళవారం అనుకున్నాడు. ఫోన్‌లో టైప్ చేసి చెరిపేశాడు. గురువారం ప్యాసింజరులో ఎంత పరధ్యానంగా కూర్చున్నాడంటే, బందరులో బండి ఖాళీ అయ్యాక ఊడ్చేవాళ్ళు లేపితే దిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో చెప్పేశాడు.

నిస్సీ టీ గ్లాసు కింద పెట్టింది. "ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"రిజల్ట్ వచ్చిన రోజు నుంచి."

"ఐదు రోజులు. ఐదు రోజులూ నా ఎదురుగా కూర్చుని టీ తాగావు."

"నీకు కోపం వస్తుందని..."

"ఒట్టి చేతులతో పట్టుకున్నందుకు వచ్చేది కాదు, అనుదీప్."

లేచి వెళ్ళిపోయింది. గ్లాసులో టీ అలాగే ఉంది.

శనివారం ఆమె వేదిక ఎక్కి, తొమ్మిది గిన్నెల ఫలితం నమ్మదగింది కాదని, వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. శాంపిల్స్‌కి చేతులు తగిలాయంది. ఎవరివని ఒక పెద్దాయన అడిగితే, మా టీమ్‌వండీ అంది.

అనుదీప్ లేచి నిలబడ్డాడు. "నావండీ. అడిగినప్పుడు అబద్ధం కూడా చెప్పాను."

ఝాన్సీలక్ష్మి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మడుల వైపు ఇక రావద్దని, లెక్కలు మాత్రం చూసుకోమని తర్వాత గదిలోకి పిలిచి చెప్పారు.

బయట వరండాలో జకరయ్య గారు ఆపారు.

"మా అమ్మాయి నిన్నట్నించి మెతుకు ముట్టలేదు బాబూ. రిజల్టు పోయినందుకనుకున్నాను," అన్నారాయన. "ఇందాక మీరు లేచి నిలబడ్డాక వెళ్ళి భోంచేసింది. పెరుగు రెండోసారి వేయించుకుంది."

అంతే అని నమస్కారం పెట్టి బస్టాండు వైపు వెళ్ళిపోయారు.

కానీ నిస్సీ మాట్లాడలేదు. వానలు మొదలయ్యాయి. గిన్నెల పని మళ్ళీ ఉప్పు సీజను వచ్చేదాకా ఆగాల్సిందే. ల్యాబులో ఎదురైతే "ఆ ఫైలు పంపండి" అనేది. ఆ 'అండి' అతన్ని రోజంతా కుదురుగా ఉండనిచ్చేది కాదు.

ఆ వానాకాలమంతా అనుదీప్ ఒక పని చేశాడు. కావాలని ఒట్టి చేతులతో వేరే గిన్నెలు ముట్టుకుని, చేతి నుంచి ఏయే ప్రోటీన్లు ఎంతెంత వస్తాయో పరీక్ష చేయించి రాశాడు. ఇకముందు అలాంటి గొలుసు కనిపిస్తే, అది మనిషిదో కాదో తేల్చుకోవచ్చు. ముప్పై పేజీల రిపోర్టు తయారైంది. డిసెంబరులో ప్రొఫెసరు గారి బల్ల మీద పెట్టి వచ్చాడు.

మర్నాడు నిస్సీ ఆ కాగితాలు పట్టుకుని అతని సీటు దగ్గరికి వచ్చింది.

"ఆరో పేజీలో ఒక వాక్యం తీసేయాలి. 'నా అబద్ధం వల్ల' అని రాశావు. రిపోర్టుల్లో అలా రాయరు."

"నిజమే కదా."

"నిజమే. నాకు చెప్పావు, హాల్లో అందరికీ చెప్పావు. చాలు." కాగితాలు అతని బల్ల మీద పెట్టి, "ఫిబ్రవరి నుంచి నిన్ను మడుల దగ్గరికి రమ్మన్నారు మేడం. నేనే అడిగాను," అంది.

ఇక దాచుకోవడం తన వల్ల కాదనుకున్నాడు అనుదీప్. "నిస్సీ, నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"తెలుసు. మా నాన్నకి కూడా తెలుసు, నేనే చెప్పాను. మీ ఇంట్లో చెప్పావా?"

"లేదు. భయం."

ఆమె బల్ల మీదున్న అతని ఫోన్ తీసి చేతిలో పెట్టింది.

తల్లి దుర్గమ్మ ఫోనెత్తింది. తడబడుతూ అన్నీ చెప్పాడు, పేరు, ఊరు, చర్చి, అన్నీ. అవతల కుక్కర్ కూత వినిపించింది. తర్వాత, ఆ అమ్మాయి పక్కనుంటే ఫోన్ ఇవ్వమంది.

సైంటిస్టుల ముందు తడబడని నిస్సీ చున్నీకి అరచెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. "అలాగేనండీ," అంది. మళ్ళీ "అలాగేనండీ." మూడోసారి ఆ మాట సగంలో ఆగిపోయింది. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

అనుదీప్‌కి అడగడానికి ధైర్యం చాల్లేదు. అయినా అడిగాడు.

"మీ నాన్నగారికి ముందు మీ అమ్మగారే చెబుతారంట. ఆయన ఏమంటారో చెప్పలేనన్నారు." చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ పై ఆదివారం నన్ను గుడివాడ రమ్మన్నారు. చర్చి మానుకోవద్దమ్మా, అయ్యాకే బయల్దేరు, నువ్వొచ్చేదాకా భోజనాలకి ఆగుతాం అన్నారు."