సీలు విప్పని ఐస్‌ఫోగెల్

జర్మనీలోని హెర్నే పట్టణంలో ప్రతి నెలా మొదటి శనివారం చర్చి సమావేశ మందిరంలో జరిగే సంతకు ఏ రాజ్యమూ రాయబారిని పంపదు. అయినా అక్కడ చేరేవారి గాంభీర్యం చూస్తే సంధిపత్రం మీద సంతకాలకు వచ్చారనిపిస్తుంది. వారు కొనేదీ అమ్మేదీ ఒకటే: ముప్ఫై ఏళ్ల కిందటి అమీగా కంప్యూటర్లకు వేగం పెంచే కార్డులు. ముసలి గుర్రానికి కొత్త గుండె అమర్చి, అది అరక్షణం ముందుగా సకిలిస్తే సాయంత్రమంతా పరవశించగల ధన్యజీవులు వారు.

ఆ ధన్యుల్లో టిల్మన్ ఓస్టర్‌కాంప్‌ది వేరే అంతస్తు. అతను కార్డులను బాగుచెయ్యలేడు, వర్ణించగలడు. ‘పరీక్షించలేదు’ అని రాశాడంటే, మూడుసార్లు పరీక్షించాడనీ, మూడుసార్లూ అది పలకలేదనీ అర్థం. ‘సిగరెట్టు తాగని ఇంటిది’ అంటే, అమ్మే ముందు కిటికీ తెరిచాడని. దీన్ని అతను అబద్ధం అనడు, శైలి అంటాడు.

ఆ శైలి మీద వాన కురిసిన రోజు ఒకటుంది. తడిసిన గొడుగుతో ఒక యువతి అతని బల్ల ముందుకొచ్చి, ఒక కార్డును ఠక్కున పెట్టింది.

“ఇది అమ్మింది మీరేనా?”

మందిరం నిశ్శబ్దమైంది. కార్డు వల్ల కాదు, ‘మీరు’ వల్ల. ఆ సంతలో అడుగుపెట్టిన మరుక్షణం నుంచి ప్రొఫెసరూ ప్లంబరూ ఒకరినొకరు ‘నువ్వు’ అనుకుంటారు. అక్కడ ఒకరిని ‘మీరు’ అనడమంటే బహిష్కరణ శాసనం చదవడమే.

“నేనే. ‘పరీక్షించలేదు’ అని రాశానుగా?” అన్నాడు టిల్మన్.

“పరీక్షించకపోతే ఈ చిప్పు కాళ్ల మీద కొత్త సోల్డర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? దేవదూతలు అతికించి పోయారా? వాళ్లయితే ఇంత అధ్వానంగా అతికించరు లెండి.”

“సరే... డబ్బు వెనక్కిచ్చేస్తాను.”

“డబ్బెవరడిగారు? కార్డు బాగుచేసేశాను, పరుగెడుతోంది. మీరు రాసిన మాటలు వెనక్కి తీసుకోండి, చాలు.”

ఆమె పేరు మారైకే. గెల్సెన్‌కిర్షెన్‌లో కాలువ పక్కన ఒక గదిలో ఇలాంటి కార్డుల చిలుమును వెనిగర్‌తో కడిగి, వాటికి ప్రాణం పోస్తుంది. వెళ్తూ వెళ్తూ ఆమె వదిలిన గాలిలో వెనిగర్ వాసన ఉంది. కవులు మల్లెలకే పరిమితం కావడం ఎంత పొరపాటో టిల్మన్‌కు ఆ క్షణాన తెలిసింది.

తర్వాతి నెలనుంచి అతను తన అలమారలోని శవాలన్నిటినీ ఒక్కొక్కటిగా సంతలో ఆమె తెరిచిన మరమ్మతు బల్లకు మోయసాగాడు.

“మళ్లీ మీరేనా! ఈసారి దీని జబ్బేమిటి?”

“తెలీదు. పరీ...”

“ఆ మాట అన్నారంటే ఈ వేడి సోల్డరింగ్ ఇనుము మీ ముక్కుకు పెడతాను.”

“చచ్చిపోయింది,” అన్నాడతను వినయంగా. “నేనే చంపాను.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం అతను మరో నాలుగు కార్డులను చంపగలడు.

వేసవి చివర్లో, చినుకుల్లో ఒకే గొడుగు కింద ట్రామ్ దాకా నడుస్తూ, ధైర్యం చేశాడు.

“మారైకే, మీరంటే నాకు ఇష్టం. చాలా. ఇంతకు ముందెప్పుడూ ఎవరిమీదా...”

“ఆగండాగండి. ‘కొత్తదానిలాంటి స్థితి, ఇంతవరకు ఎవరూ వాడలేదు’ అంటారా?” ఆమె గొంతులో వేళాకోళం ఉంది, కళ్లలో లేదు. “నాకూ మీరంటే కోపమేం లేదు, టిల్మన్. కానీ మీ మాటల్లో సరుకెంతో ప్రకటనెంతో నేనెలా కనుక్కోను? కార్డయితే మీటరు పెట్టి చూస్తాను.”

ట్రామ్ వచ్చింది. గొడుగు ఆమెది, వెళ్లిపోయింది. వాన మాత్రం అతనికి మిగిలింది.

అక్టోబరు సంత నాడు మందిరం కిక్కిరిసింది. ఆ రోజు టిల్మన్ తన కిరీటాన్ని అమ్ముతున్నాడు: ఐస్‌ఫోగెల్ 40 అనే కార్డు, కంపెనీ వేసిన ప్లాస్టిక్ తొడుగు ఇంతవరకు విప్పని పెట్టె. అటువంటిది లోకంలో మరొకటి ఉందో లేదో ఎవరికీ తెలియదు. క్లబ్బు అధ్యక్షుడు ఎగాన్ దాన్ని రెండు చేతులా ఎత్తి, బాప్తిస్మానికి తెచ్చిన పసిబిడ్డను చూపినట్లు అందరికీ చూపాడు.

“తయారైననాటి స్థితి!” అని టిల్మన్ రాసిన వర్ణన చదివి, “మారైకే, నీకు తెలిసినంత ఇక్కడెవరికీ తెలీదు. నువ్వూ ఒక మాట చెప్పమ్మా,” అన్నాడు.

“ఐస్‌ఫోగెల్ మీద గడియారం కోసం చిన్న బ్యాటరీ ఉంటుంది,” అందామె. “ముప్ఫై ఏళ్లయింది. ఈపాటికి కారిపోయి కార్డును తినేస్తూ ఉంటుంది. తెరిస్తే ఏమైనా మిగలొచ్చు. తెరవకపోతే ఏమీ మిగలదు.”

“ష్ష్!” అంది సభ ముక్తకంఠంతో.

కొనడానికి మ్యూన్‌స్టర్ నుంచి వచ్చిన పెద్దమనిషి చిరునవ్వు నవ్వాడు. “బతికుందా చచ్చిందా అన్నది నాకనవసరమండీ. మూసి ఉందా లేదా, అంతే. నేనూ తెరవను, నా తర్వాత కొనేవాడూ తెరవడు.”

అందరూ తలలూపారు. టిల్మన్ మారైకే వైపు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. ఆ పెట్టెను చూస్తోంది, ఊపిరాడని మనిషిని చూసినట్లు.

అతను పక్కనున్న ఫలహారాల బల్ల మీది కేకు కోసే కత్తి అందుకున్నాడు.

“ఒరేయ్, ఏం చేస్తున్నావురా!” అని ఎగాన్ కేక పెట్టేలోగా ముప్ఫై ఏళ్ల ప్లాస్టిక్ చర్రున చిరిగింది. మందిరమంతా మూలిగింది. మ్యూన్‌స్టర్ పెద్దమనిషి తన కోటు వేసుకున్నాడు. ఎగాన్ బంగాళదుంపల సలాడ్ పక్కన కూలబడ్డాడు.

లోపల కార్డు మూలన పచ్చగా చిలుము.

టిల్మన్ పెట్టెను అందరికీ కనిపించేలా తిప్పాడు. “వర్ణన మారుస్తున్నాను. సీలు విప్పాను. బ్యాటరీ కారింది. పనిచేస్తుందో లేదో తెలీదు. ఈసారి నిజంగానే పరీక్షించలేదు. అమ్మకానికి కాదు. మారైకే, దీన్ని బతికిస్తారా? నేను ఆ రోజు చెప్పిన మాట కూడా ఇలాంటిదే. లోపల ఏముందో నాకే భయం. మీటరు పెట్టి చూసుకోండి.”

మారైకే వంటగది వైపు తిరిగింది.

“పిలార్స్కీ గారూ, వెనిగర్!”

“సలాడ్‌లోకి ఇంకా పొయ్యాలమ్మాయ్!” అంది వంటావిడ.

“సలాడ్ ఆగుతుంది, ఇది ఆగదు!”

చిన్న బ్రష్షుతో ఆమె చిలుమును తడుపుతుంటే అతను దీపం పట్టుకున్నాడు.

“సరిగ్గా పట్టుకో. నీ చేతి నీడ పడుతోంది.”

అతను తలెత్తాడు. ఏడు నెలల బహిష్కరణ, ఒక్క మాటతో, అంత మామూలుగా రద్దయింది.

సాయంత్రానికి కార్డును ఎగాన్ కంప్యూటర్లో పెట్టారు. తెర బూడిద రంగుకు తిరిగింది, ఒకసారి మినుకుమంది, చీకటైపోయింది. ఎగాన్ టోపీ తీశాడు.

“రెండు తీగలు తెగాయి. ఇంకా చాలా ఉంది పని,” అంది మారైకే కార్డును తన సంచిలో పెట్టుకుంటూ. “ఆదివారం వచ్చెయ్. ఆ తర్వాతి ఆదివారం కూడా.”

“ఒకవేళ ఎప్పటికీ బాగవకపోతే?”

ఆమె గొడుగు తెరిచి, సగం అతని మీదికి వంచింది.

“సీలు విప్పిన సరుకు వాపసు తీసుకోరు, తెలీదా?”