సింగిల్ ఓనర్

మెట్లు!

రెండేసి మెట్లు ఒక్కసారే దూకుతోంది ఆమె.

చంకలో సంచి. ఒక కాలికే చెప్పుంది... రెండోది ఎక్కడ జారిపోయిందో చూసుకునే తీరిక లేదు.

"మేడమ్! ఆగండి! దొంగ... దొంగ! పట్టుకోండి!"

పైఅంతస్తు నుంచి అరుపు.

గళ్ళ చొక్కావాడు! వెనకాలే వస్తున్నాడు!

ఆమె దొంగ కాదు. బట్టలు కుట్టే మనిషి. వీధి చివర చిన్న టైలరింగ్ షాపు. ఇన్నేళ్ళలో ఒకరి గుడ్డలో జానెడు పీలిక కూడా దాచుకోలేదు.

అలాంటిది ఈ పూట ఒకడి ఇంట్లోంచి సంచి లాక్కుని పరుగెడుతోంది!

ఎందుకంటే ఆ సంచి కుట్టింది తనే.

తమ్ముడి కోసం.

తమ్ముడు ఇప్పుడు లేడు. ఊరి బయట పాత రాళ్ళ క్వారీ ఉంది. గోతి నిండా నీళ్ళు. పిట్టల ఫోటోలు తీస్తానని పొద్దున్నే వెళ్ళాడు. శవమై తేలాడు. కాలు జారిందన్నారు పోలీసులు. వాడు కాలు జారే మనిషి కాదని ఆమె మొత్తుకున్నా వినలేదు. కెమెరా, సంచి అడుగున బురదలో కూరుకుపోయి ఉంటాయన్నారు. కేసు మూసేశారు.

బురదలో కూరుకుపోయిన సంచి... ఇదిగో, ఆమె చంకలో ఉంది. చుక్క తడి తగలకుండా!

గేటు దాటింది. వాన వెలిసిన రోడ్డు. చీకటి. వీధి దీపాలు నీళ్ళలో వణుకుతున్నాయి.

వెనక బైక్ స్టార్టయింది!

పక్క సందులోకి దూరింది. గోడకి అతుక్కుంది. హెడ్‌లైట్ సందు మొగలో ఒక్క క్షణం ఆగి... ముందుకి పోయింది.

ఊపిరి వదిలింది.

ఇందాక ఆ గదిలో అంతా మామూలుగానే మొదలైంది.

తమ్ముడి పాత కెమెరా ఒకటి ఇంట్లో మిగిలిపోయింది. మొదట దుమ్ము దులపడానికి తీసిందామె. తర్వాత ఒకసారి నొక్కి చూసింది. ఆ తర్వాత ఆదివారాలన్నీ దానితోనే తెల్లారాయి. కానీ పిట్టలు ఊరికే దగ్గరికి వస్తాయా? పెద్ద లెన్స్ కావాలి. కొత్తది కొనాలంటే కుట్టుమిషన్ అమ్ముకోవాలి.

అప్పుడు ఫోన్‌లో కనిపించింది ప్రకటన.

'సెకండ్ హ్యాండ్ లెన్స్. సింగిల్ ఓనర్. గీత కూడా పడలేదు. సంచి ఫ్రీ.'

వెళ్ళింది. గళ్ళ చొక్కా వేసుకున్న కుర్రాడు తలుపు తీశాడు. లెన్స్ చేతికిచ్చాడు. టార్చ్ వేసి అద్దంలోంచి చూసింది. బూజు లేదు. రింగ్ తిప్పింది. వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది. పాత లెన్స్ కొనేటప్పుడు ఏం చూడాలో ఆమెకి బాబాయ్ నేర్పాడు. సొంత బాబాయ్ కాదు. కెమెరాలు రిపేరు చేసే పెద్దాయన. తమ్ముడికి కెమెరా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

"ఎన్నాళ్ళు వాడారు?"

"కొన్నప్పట్నుంచీ నా దగ్గరే ఉంది మేడమ్. ఇంకో చెయ్యి పడలేదు."

"సంచి ఏదీ?"

తెచ్చి ముందు పెట్టాడు.

పట్టీ చివర ఎర్ర కుట్టు!

నల్ల దారం అయిపోతే ఆ నాలుగు కుట్లూ ఎర్ర దారంతో లాగించింది. "అక్కా, ఇది సంచికి కుట్టా, ఆపరేషన్ కుట్టా?" అని తమ్ముడు ఆ రోజంతా నవ్వాడు.

ఆ కుట్టుని వేలితో తడిమింది.

"ఇది... ఎక్కడిది?"

"అదీ నాదే మేడమ్. స్పెషల్‌గా చెప్పి కుట్టించుకున్నా."

"ఎవరు కుట్టారు?"

"మా... మా వీధిలోనే ఒకాయన."

అబద్ధం!

తర్వాత ఏం చేసిందో ఆమెకే సరిగా తెలీదు. లెన్స్ సంచిలో పడింది. సంచి చంకలోకి వచ్చింది. కాళ్ళు మెట్ల మీద ఉన్నాయి!

ఫోన్ మోగింది. గళ్ళ చొక్కావాడి నంబర్! కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

వెంటనే బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"బాబాయ్! తమ్ముడి సంచి దొరికింది! వాడు చంపేశాడు బాబాయ్... వాడే!"

అవతల ఏదో స్క్రూ బల్ల మీద దొర్లిన చప్పుడు.

"బాబాయ్?"

"ఉన్నానమ్మా. సంచి నీ చేతిలోనే ఉందా?"

"ఉంది. పోలీస్ స్టేషన్‌కి పోతున్నా."

"ఒక్కదానివే పోతే దొంగతనం కేసు నీ మీదే రాస్తారు. ముందు షాపుకి రా. ఇద్దరం కలిసి వెళ్దాం."

నిజమే అనిపించింది. ఆ రోజు క్వారీ గట్టు మీద ఆమెని పొదివి పట్టుకుని ఏడ్చింది బాబాయే. ఆయన్ని కాక ఎవర్ని నమ్ముతుంది?

కదులుతున్న సిటీ బస్సు. పరుగెత్తి ఎక్కేసింది!

బస్సు కిటికీలోంచి ప్రతి హెడ్‌లైటూ వాడిదే అనిపించింది. దిగేలోపు దారి పొడుగునా చచ్చి బతికింది.

కెమెరా షాపుల సందు. అన్నీ మూసేశారు. చివర్న ఒక్క దీపం.

బాబాయ్ లేచొచ్చాడు. లోపలికి లాగాడు. షట్టర్ కిందికి దించాడు.

బల్ల మీద విప్పిన లెన్సులు, చిన్న చిన్న స్క్రూలు. రిపేరుకొచ్చిన స్టూడియో ఫ్లాష్ ఒకటి ఛార్జవుతూ కీచుమంటోంది. ఇరుకు గది. నూనె వాసన.

ఆయన సంచి అందుకుని పట్టీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వాడిదే."

"నేను చెప్పలా బాబాయ్!"

"ఇక్కడికొస్తున్నట్టు ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. మీకొక్కరికే."

"మంచి పని చేశావు. ఫోన్ ఇటివ్వు, ఆపేస్తా. నువ్వెక్కడున్నావో వాడు పట్టేయగలడు."

ఇచ్చేసింది. స్టూలు మీద కూలబడింది. కాళ్ళు ఇంకా పరుగెడుతున్నట్టే ఉన్నాయి.

ధన్! ధన్! ధన్!

షట్టర్ అదిరింది!

"తీయండి! లోపల లైటుంది! తీయండి!"

గళ్ళ చొక్కావాడి గొంతు!

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. బాబాయ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వచ్చేశాడు బాబాయ్! నా వెంటే వచ్చేశాడు!"

బాబాయ్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"సార్! నేను సార్! మొన్న మీ దగ్గర లెన్స్ కొన్నానే! ఎవరో ఆవిడ సంచితో సహా ఎత్తుకుపోయింది సార్! పోలీసులకి ఫోన్ చేస్తే బిల్లు పట్టుకుని రమ్మంటున్నారు! మీరేమో బిల్లే ఇవ్వలేదు!"

మీ దగ్గర కొన్నానే...

గది గిర్రున తిరిగింది.

మీ దగ్గర!

ఆమె మెల్లగా వేళ్ళు వదులు చేసింది.

ఇప్పుడు ఆయన పట్టుకున్నాడు. ఇనప పట్టు!

"అరవకమ్మా," అన్నాడు బాబాయ్. అదే గొంతు. పాత లెన్స్ ఎలా చూడాలో నేర్పిన గొంతు.

"మీరా... బాబాయ్?"

"నీ తమ్ముడు బంగారం లాంటోడు. కానీ ఊరుకోలేదు. నా షాపుకొచ్చే సరుకు ఎక్కడిదని తవ్వాడు. దొంగ సరుకని తెలిసిపోయింది. పోలీసులకి చెప్తానన్నాడు. చేతులు పట్టుకున్నా... వినలేదు."

"తోసేశారా?"

ఆయన పట్టు ఇంకా బిగిసింది. ఫ్లాష్ కీచుమంటూనే ఉంది.

"సంచి ఆ రోజే తగలబెట్టాల్సింది," అన్నాడాయన సంచి వైపు చూస్తూ. "గట్టి కుట్టు. మంచి గుడ్డ. పారెయ్యబుద్ధి కాలేదు."

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి! రిపేరులో మిగిలిన స్క్రూ కూడా డబ్బాలో దాచే మనిషి!

ఆమె ఖాళీ చెయ్యి ఫ్లాష్ వైపు జరిగింది.

ఆయన రెండో చెయ్యి బల్ల మీద పాకింది. పొడుగాటి స్క్రూడ్రైవర్...

ఫ్లాష్ మీద ఎర్ర దీపం వెలిగింది. ఛార్జయింది!

ఆమె దాన్ని ఆయన మొహానికి తిప్పింది. బటన్ మీద ఒక్క గుద్దు!

తెల్లటి మెరుపు!

"అమ్మా!" ఆమె చెయ్యి వదిలేసి, కళ్ళు మూసుకుని వెనక్కి తూలాడు. స్టూలు పడింది. బల్ల దీపం పడింది. పగిలింది!

చీకటి!

చేతికి తగిలిన సంచి పట్టీ లాగింది. షట్టర్ అడుగున వేళ్ళు దూర్చింది. ఎత్తింది. మోకాలెత్తు... చాలు! దొర్లింది!

స్క్రూడ్రైవర్ చీర కుచ్చిళ్ళని చీల్చుకుంటూ పోయింది!

బయట పడింది. లేచింది. రెండు చేతులతో షట్టర్ నేలకి కొట్టింది. దాని అంచు మీద రెండు కాళ్ళూ వేసి నిలబడింది.

ఎదురుగా గళ్ళ చొక్కావాడు. నోరు తెరుచుకుని!

"నువ్వా! నా సంచి..."

"సంచి నువ్వే కుట్టించుకున్నానని ఎందుకు చెప్పావు?" ఆమె అరిచింది.

వాడు నీళ్ళు నమిలాడు. "సింగిల్ ఓనర్ అంటే... మంచి రేటు వస్తుందని మేడమ్..."

ధన్!

లోపల్నుంచి దెబ్బ. షట్టర్ ఆమెతో సహా అంగుళం లేచింది! సందులోంచి స్క్రూడ్రైవర్ మొన బయటికొచ్చి ఆమె పాదాల కోసం వెతికింది!

వాడి మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఎవరు... ఎవరది లోపల?"

"నా తమ్ముణ్ణి చంపినవాడు! చూస్తావేంటి? నువ్వూ కాలెయ్!"

ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూశాడు. గెంతి ఆమె పక్కన నిలబడ్డాడు. షట్టర్ దిగింది. మొన లోపలికి పోయింది.

జేబులోంచి ఫోన్ తీశాడు.

"పోలీసులకి ఏమని చెప్పాలి మేడమ్?"

ఆమె సంచిని గుండెకి హత్తుకుంది.

"హత్య అంటే నమ్మరు. అప్పుడు నమ్మలేదుగా! నీ సంచి ఎత్తుకుపోయిన దొంగ దొరికిందని చెప్పు... వెంటనే వస్తారు!"

ధన్! ధన్!

ఆమె కాలు కదపలేదు.