ఖలాస్ అనకూడని గది

కువైట్‌లో ఆ ఆస్పత్రి పాత బ్లాకులో డ్యూటీ గదంటే అందరికీ హడల్. డాక్టరు రవీంద్ర గుండె ఆగి, ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. అప్పటినుంచీ చీకటి పడితే లోపల ఎవరో మాట్లాడుతున్నారని చెప్పుకుంటారు. శవాల్ని చూసి జడవని నర్సులు కూడా ఆ గుమ్మం దగ్గరికొచ్చేసరికి నడక పెంచేస్తారు.

ఆ రాత్రి అమృతకి ఆ గదిలోకి వెళ్లక తప్పలేదు. కువైట్‌లోనే పుట్టి, అక్కడే మెడిసిన్ చదువుతున్న పిల్ల. రవీంద్ర చేతికింద పని నేర్చుకుంది. ఊరవతల వఫ్రా తోటల్లో పనిచేసే కొమురెల్లికి పేగు ఆపరేషన్ అయింది. ఆ సంగతి జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్న అతని భార్య రాజమణికి తెలుగులో చెప్పాలి. ఫోన్‌కి వైఫై అందేదేమో ఆ గదిలోనే...

నిజానికి అమృతకి దెయ్యమంటే భయం లేదు. తన నోరంటేనే భయం.

ఇదివరకోసారి ఇలాగే ఊళ్లో ఉన్న ఒక రోగి భార్యకి ఫోన్ చేసి, "అంతా ఖలాస్ అమ్మా!" అంది సంబరంగా. ఆపరేషన్ అయిపోయిందని తన ఉద్దేశం. అవతల ఘొల్లుమని ఏడుపు! రవీంద్ర ఫోన్ అందుకుని, ఆవిడ తేరుకునేదాకా మాట్లాడారు. తర్వాత తిట్టనైనా లేదు.

"ఇక్కడ ఖలాస్ అంటే పని అయిపోవడం, అమ్మాయ్. అక్కడ ఊళ్లో వాళ్లకి మనిషి అయిపోవడం" అన్నారంతే.

అమృత లైటు వేసింది. ఖాళీ కుర్చీ. ఇప్పుడు సార్ ఉంటే ఎంత బాగుండును... రాజమణి నంబరు నొక్కింది.

"హలో... మా పెనిమిటి ఎట్లున్నడు బిడ్డా?"

"ఆపరేషన్ ఖ—"

నాలుక కరుచుకుంది. ఇక మాట పెగల్లేదు. అవతల రాజమణే మెల్లగా అంది.

"చెప్పు బిడ్డా. పక్కకున్న సారు గూడ చెప్పుమంటుండు గదా."

"ఏ... ఏ సారు?"

"'తొందర లేదు, మెల్లగా చెప్పు అమ్మాయ్' అంటుండు. నీకు ఇనవడ్తలేదా?"

అమృత చటుక్కున వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. ఒళ్లు జల్లుమంది. చెవులు రిక్కించింది — ఏసీ హోరు తప్ప మరేమీ లేదు.

ముందు చెప్పాల్సింది చెప్పాలి.

"ఆపరేషన్ బాగా జరిగిందమ్మా. మీ ఆయన బాగున్నారు. కళ్లు తెరిచి మిమ్మల్నే అడిగారు."

రాజమణి ఊళ్లో దేవుళ్లందరికీ పేరుపేరునా దండాలు పెట్టుకుంది. అమృత ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఎక్కడో ఉన్న మనిషికి వినిపించిన ఆ గొంతు తనకి ఒక్కసారైనా వినిపించకూడదా అని దుఃఖం పొంగుకొచ్చింది.

"అమ్మా... సార్ ఇంకేమైనా అంటున్నారా?"

రాజమణి కాసేపు చెవి పెట్టి విన్నది.

"లేదు బిడ్డా... పోయినట్టున్నడు."