మూడువందల గ్రాములు

ఉదయం ఎనిమిదింటికి వంటింట్లో కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ తుడవలేదు. పందొమ్మిదేళ్ళ నెవెన అప్పుడే బాక్సింగ్ పోటీల తూకం నుంచి తిరిగొచ్చింది. తన విభాగం బరువు కన్నా మూడువందల గ్రాములు ఎక్కువ ఉందని, బరిలో దిగకుండానే ఇంటికి పంపేశారు.

"ఏం తిన్నావ్ నిన్న?" అన్నాడు రాదోయే. ఆమెకు తండ్రీ అతనే, కోచ్ కూడా అతనే.

"మన ఇంటిని కాపాడే పునీతుడి పండగ కదా నాన్నా. నాయనమ్మ గోధుమల ప్రసాదం పెట్టింది. పోయిన తాతయ్య పేరున ఒక చెంచా అంది. వద్దనలేకపోయా. మూడు తిన్నా. తర్వాత దాహమేసి నీళ్ళు తాగేశా."

"సిగ్గులేదూ? క్లబ్బులో ఇరవైమంది పిల్లల ముందు నా తల దించేశావు! నీ వయసులో నేను తూకానికి ముందు ఉమ్మి కూడా మింగలేదు. ఫైనల్లో జడ్జీలు నా పతకం కాజేశారు గానీ, తూకంలో నన్ను వేలెత్తి చూపినవాడు లేడు!"

ఆ పతకం కథ ఈ జ్రెన్యానిన్ ఊళ్ళో అందరికీ తెలుసు. క్లబ్బులో చేరిన ప్రతివాళ్ళకీ మొదటి పాఠం అదే. చెప్పగా చెప్పగా అతనే దాన్ని నమ్మేశాడు.

"అయితే ఇంక నేను క్లబ్బుకి రాను. నీ కూతుర్నని చెప్పుకునే అర్హత నాకు లేదు," అంది నెవెన ఏడుస్తూ.

మూల కూర్చున్న నాయనమ్మ స్తమెన్క చేతికర్ర నేలకేసి కొట్టింది.

"గురివిందకి తన నలుపు తెలీదట! ఒరే, నువ్వు ఫైనల్ దాకా ఎప్పుడెళ్ళావురా? బెల్‌గ్రేడ్‌లో తూకమే తప్పావు. ఇంటికి రావడానికి మొహం చెల్లక మూడ్రోజులు మీ పిన్ని ఇంట్లో దాక్కున్నావు. జడ్జీలు మోసం చేశారని మీ నాన్నతో చెప్పమని నా కాళ్ళు పట్టుకున్నావు. పాపం ఆ మనిషి పోయేదాకా ఆ జడ్జీల్ని తిట్టుకుంటూనే ఉన్నాడు."

"అమ్మా, ఊరుకో," అన్నాడు రాదోయే.

"నిజమా నాన్నా?"

అతను కూతురి మొహం చూడలేకపోయాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"ఎన్ని గ్రాములు ఎక్కువ?" అంది నెవెన.

"గ్రాములు కాదమ్మా. కిలోంబావు."

నెవెన నవ్వలేదు. అతను కోటు వేసుకున్నాడు. "పద, క్లబ్బుకి."

"నన్ను అందరి ముందూ నిలబెడతావా?"

"లేదు తల్లీ. నిలబడాల్సింది నేను."

క్లబ్బులో పిల్లలంతా వరసగా కూర్చున్నారు. రాదోయే వాళ్ళ ముందు నిలబడ్డాడు.

"మా నాన్నకి చెప్పలేకపోయాను. మీకైనా చెప్పాలి. నా పతకం ఎవరూ కాజెయ్యలేదు, నేనే తూకం తప్పాను," అంటూనే బావురుమన్నాడు.

నెవెన లేచి వెళ్ళి నాన్న పక్కన నిలబడింది.