నాలుగో తీగ

పదిహేడో సర్వర్ ర్యాక్ తలుపు తీసి, స్రవంతి తన చేతిపలక ట్యాబ్‌ను మదర్‌బోర్డుకు తగిలించింది. ఫర్మ్‌వేర్‌లో ఫ్యాన్ల పేజీ తెరుచుకుంది. లోపలికి వస్తున్న గాలి యాభై రెండు డిగ్రీలని చూపిస్తోంది. చిప్ మాత్రం నలభై ఒకటి దగ్గర చల్లగా ఉంది. భూమిలో ఇంత లోతునైనా, చిప్‌కన్నా దాని మీదికి వీచే గాలి వేడిగా ఉండదు. అయినా ఆ అంకెను నమ్మి మూడు ఫ్యాన్లూ ఉరకలు పెడుతున్నాయి.

దొంగవేడి. పొద్దుటినుంచీ ఇది తొమ్మిదోది.

మోకాళ్ల మీద కూర్చుని కింది జాలీ ఊడదీసింది. జాలీకి పట్టిన జిడ్డు చేతితొడుగుకు అంటుకుని బంకలా సాగింది. ముప్పయ్యేళ్ల కిందట బొగ్గు తవ్వకం ఆపేసి, ఇప్పుడు సర్వర్లతో నింపిన గని అది. గోడల్లోంచి ఊరే నీరు, మిగిలిపోయిన నుసి, యంత్రాల గోరువెచ్చదనం కలిసి ఆ జిడ్డుబూజును పెంచుతున్నాయి. కుళ్లిన గుడ్డు వాసన, తడిసి ఆరని గోనెసంచి వాసన ముసుగు దాటి గొంతులోకి దిగుతున్నాయి. స్రవంతి మింగబోయి ఆగింది. తన ఉమ్మే తనకు రోతగా ఉంది.

వేడి కొలిచే సెన్సర్ మొనను ఒక స్టీలు టిఫిను డబ్బాకు ఆనించి, చీరపేలికతో చుట్టి కట్టారు. డబ్బా మూత తీస్తే ఆవిరి కొట్టింది. అన్నం, దాని మీద మామిడి తొక్కు.

"దొరికిందా అమ్మా?" చెవిలోని ఫోన్‌లో కాశీనాథ్ గొంతు. పైన నియంత్రణ గదిలో ఉండే అధికారి ఆయన. ఏదో నములుతున్నాడు.

"దొరికింది సార్. మళ్లీ టిఫిను డబ్బాయే."

"ఛీ. తినే అన్నాన్ని తీసుకెళ్లి ఆ మురికిలో పెడతారా? వేడి లెక్కను చిప్ నుంచి తీసుకునేలా మార్చి సెట్టింగులకు తాళం వేసేయండి. ఈ నాలుగో గ్యాలరీలో ఇదే చివరిది." కరకరమని ఏదో విరిగిన చప్పుడు, ఆ వెంటే వేళ్లు నాకుతున్న చప్పుడు.

స్రవంతి పలక మీద వేలు పెట్టబోతుంటే వెనకనుంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఆ చెయ్యి తడిగా, జారుడుగా ఉంది. స్రవంతి విదిలించుకుంది.

"డబ్బా తియ్యకు బిడ్డా."

జాలీలు గీకి శుభ్రం చేసే కూలి మనిషి. యాభై దాటి ఉంటుంది. ముసుగు నల్లబడి మొహానికి అతుక్కుపోయింది. చొక్కా మీద 'ఓదెమ్మ' అని పేరు కుట్టి ఉంది.

"ఇది మీదేనా?"

"నాదే. ఉన్న తొమ్మిదీ మాయే. ఎనిమిదింటివి నువ్వప్పుడే తీసేసినవ్. ఒకటి సల్లారితే ఇంకోటి పెడ్తం. పన్నెండు గొడితే గీ ఫ్యాన్లన్నీ పండుకుంటయి. గాలి ఆగిపోతది. గప్పుడు ఇవి తొమ్మిదే తిరుగుతయి. వాటితోనే మేం ఆరుగురం రెండు గంటలదాంక ఎల్లదీస్తం."

"గనికి వేరే గాలియంత్రం ఉంది కదా?"

"ఉండె. తీసుకపోయిండ్రు. గీ మిషన్ల ఫ్యాన్లే పైనుంచి గాలి గుంజుతయి, సాలన్నరు."

స్రవంతి పలకను పక్కకు దించింది. మధ్యాహ్నం పన్నెండింటికి సర్వర్ల లెక్కల పని మొత్తం రెండు గంటలపాటు వేరే ఖండానికి మళ్లుతుందని ఆమెకు తెలుసు. చిప్‌లు చల్లబడగానే ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే ఆ నిద్రగాలి దశ ఆమె ఆలోచనే. రెండేళ్ల కిందట పై ఆఫీసులో, కిటికీ పక్కన కూర్చుని, ఎంత వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పే ఆ గాలిగీతను గీసింది. దాని ఆమోదపు దరఖాస్తులో ఒక గడి ఉండేది: మనుషుల ఉనికి. అందులో 'లేదు' అని ముందే నింపి ఉంచారు. ఆమె అడగలేదు.

"సార్, ఇక్కడ మనుషులున్నారు. ఫ్యాన్లు ఆగితే వీళ్లకు గాలి ఆడదట."

"ఎనిమిది నెలలుగా వాళ్లది అదే పాట. మన తెర మీద గాలి లోపమేమీ కనబడలేదమ్మా."

"గాలి కొలిచే సెన్సర్ ఉందా సార్ ఇక్కడ?"

"చిప్‌కు అక్కర్లేదు కదా." ఆయన నీళ్లు తాగాడు. "ఆ గీత మీరు గీసిందే. గీసినవాళ్లే అనుమానపడితే ఎలా? తాళం వేయండి."

వేసింది. ఆ తర్వాత ఎన్నాళ్లయినా ఆమెకు ఆ సంగతే అన్నిటికన్నా అసహ్యంగా గుర్తుండిపోయింది. ఇంత విన్నాక కూడా, చెప్పినవాడి గొంతు అలవాటై, వేలు దానంతటది కదిలింది.

పన్నెండు కొట్టింది. రెండువందల నలభై ర్యాక్‌ల హోరు ఒక చివరనుంచి మరో చివరకు ఆరిపోతూ వచ్చింది. పదిహేడోదీ ఆగింది. నీటి చుక్కల చప్పుడు వినబడటం మొదలైంది. గ్యాలరీ సొరంగం నలుమూలలా మిగతా ఐదుగురు ఆడవాళ్లూ పనిముట్లు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

ఐదు నిమిషాలకు నుదురు బిగిసింది. పది నిమిషాలకు వాసన మందంగా పేరుకుని నాలుక మీద పూతలా తేలింది. స్రవంతి గోడకు ఆనుకుని జారి కూర్చోబోయింది.

"కూసోకు!" ఓదెమ్మ ఆమెను చంకల కింద పట్టి లేపింది. "చెడుగాలి కిందికే దిగుతది. మాతోని పనిజేసే రాజేశ్వరి గట్లనే పాయె. అడుగు జాలీ గీకనీకి వంగింది, మల్ల లేవలే. మూతి గా జిడ్డులనే ఉండె. తినక కళ్లు దిరిగి పడ్డదని రాసిండ్రు. దాని డబ్బా అన్నం నేనే పారబోసిన."

స్రవంతి ముసుగు లాగేసి పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. పడ్డది జిడ్డులో కలిసిపోయింది. ఏది తనదో, ఏది గనిదో తెలియలేదు.

"పైకి పోదాం."

"లిఫ్టు పంజరం రెండింటికిగాని దిగదు."

స్రవంతి పలక అందుకుని తాళం తీసింది. కనీస వేగాన్ని డెబ్బై శాతం చేసి భద్రపరిచింది. ఫ్యాన్లు కదిలాయి. ఆడవాళ్లంతా ఆ ర్యాక్ చుట్టూ మూగి మొహాలు పెట్టారు. నిమిషం గడవలేదు, పైనున్న నియంత్రణ కేంద్రం దానంతటదే పాత గీతను తిరిగి దింపింది. వేగం సున్నా. మళ్లీ మార్చింది. మళ్లీ సున్నా.

"ఏం చేస్తున్నారమ్మా?" నమలడం ఆపి అడిగాడు కాశీనాథ్.

స్రవంతి ఫ్యాన్ నుంచి బోర్డుకు వెళ్లే తీగల జడను బయటికి లాగింది. రెండు తీగలు కరెంటుకు, ఒకటి వేగం లెక్క పైకి చెప్పడానికి. నాలుగోది, నీలంది, ఆజ్ఞలు తెచ్చేది. ఆజ్ఞ అందని ఫ్యాన్‌కు తెలిసింది ఒక్కటే, ఉన్న సత్తువంతా పెట్టి తిరగడం. సంచిలోంచి కత్తెర తీసి నీలం తీగను తుంచింది.

ఫ్యాన్ అరిచింది. కేంద్రం సున్నా పంపింది, మళ్లీ పంపింది. ఫ్యాన్ వినలేదు. పైనుంచి చల్లటి గాలి ఒక పాయగా వచ్చి చెమట మొహాలకు తగిలింది. మిగతా రెండింటివీ తుంచింది.

ఓదెమ్మ కళ్లు మూసుకుని రెండు గుక్కల గాలి పీల్చింది. తర్వాత కళ్లు తెరిచి తీగల వంక చూసింది. "అన్నిట్ల గీ నీలందేనా?"

"అన్నిట్లోనూ. మిగతా మూడూ ముట్టుకోకండి."

"ఇటియ్యి."

స్రవంతి కత్తెర ఇచ్చింది. మిగిలిన వాళ్లు జాలీ గీకే బ్లేడ్లు తీశారు. ర్యాక్ వెంట ర్యాక్ లేచింది. ఒంటిగంట దాటేసరికి నాలుగో గ్యాలరీ అంతా హోరెత్తింది. ఆ హోరు విని, అడ్డుతలుపు అవతలనుంచి ఐదో గ్యాలరీ ఆడవాళ్లు వచ్చారు. ఓదెమ్మ వాళ్లకు నీలం తీగను పట్టి చూపించింది. వాళ్లు ఇద్దరిద్దరుగా తిరిగి పరుగెత్తారు.

"గనికిచ్చే కరెంటు హద్దు దాటింది!" కాశీనాథ్ అరిచాడు. "రెండింటికి పని తిరిగొస్తే చిప్‌లు మందగిస్తాయి. నగరాలకు లెక్కలు అందవు. ఐదో గ్యాలరీ కూడానా? ఆపండి. నేను ఇక్కడినుంచి ఏం నొక్కినా ఆగడం లేదు. ఎలా ఆపాలో చెప్పండి!"

స్రవంతి చేతికి అంటిన జిడ్డును గోడకు రాసింది. అది పూర్తిగా పోలేదు.

"అక్కడినుంచి కుదరదు సార్. దిగి రావాలి. ఒక్కో తీగా చేత్తో అతకాలి."

"అక్కడికా? నేనా?"

"రండి సార్. ఇప్పుడు గాలి ఆడుతోంది."