రెండో చెయ్యి

భీమిలి బదిలీ కేంద్రం ముందు ఆ వారమంతా జనం కళ్ళు సగం మూసుకునే తిరిగారు. కొందరు ముక్కు పట్టుకుని గాలి పీల్చి వదులుతున్నారు. ఒకాయన ఇంట్లోంచి వీణ మోసుకొచ్చి వరసలో నిలబడే వాయించుకుంటున్నాడు. ఒకావిడ మొగుణ్ణి ఇంట్లోనే ఉండమని చెప్పి వచ్చింది, ఆయన పక్కనుంటే తనకి నిమ్మళం ఉండదని. కేంద్రం వాళ్ళు గోడ నిండా 'కంగారు పడకండి' అని పెద్ద అక్షరాలతో రాయించారు. అది చదివాక అంతవరకూ బాగానే ఉన్నవాళ్ళు కూడా కంగారు పడ్డారు.

అది 2079. డబ్బంటే క్రిప్టో నాణెమే. నాణెం అన్నారు గానీ అది ఎవరి జేబులోనూ గలగలలాడదు. బ్లాక్‌చెయిన్ అనే గొలుసు ఖాతాలో, లోకంలోని వేలాది కంప్యూటర్లు కలిసి కాపలా కాసే చోట ఉంటుంది. మనిషి దగ్గర ఉండేది ఒక మర్మసంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిది. దొంగలకి ఈ సంగతి మనకంటే ముందే అర్థమైంది. తాళాలు పగలగొట్టే శ్రమ మానేసి, తిన్నగా మెడ మీద కత్తి పెట్టి సంఖ్య చెప్పమనేవారు. ఫోన్ చేసి డబ్బు ఆపించుకుందామంటే బ్యాంకే లేదాయె.

అప్పుడు డాక్టర్ వాగ్దేవి 'నిబ్బరం పెట్టె' కనిపెట్టింది. చూడ్డానికి సబ్బుబిళ్ళంత ఉంటుంది. మర్మసంఖ్య దాని లోపల పుట్టి లోపలే ఉంటుంది, యజమానికి కూడా తెలియదు. అరచెయ్యి ఆనిస్తే 'మదిమాపకం' అనే సెన్సర్ నాడినీ చెమటనీ కండరాల్లోని సన్నని అదురునీ చదువుతుంది. మనిషి భయంలోనో బలవంతంలోనో ఉంటే పెట్టె తెరుచుకోదు. మత్తుమందు మింగి వచ్చినా పసిగడుతుంది. కత్తి చూపిస్తే భయం పుడుతుంది, భయం పుడితే పెట్టె తెరుచుకోదు, ఇక కత్తితో పనేముంది? రెండేళ్ళలో ఆ రకం దొంగతనాలు ఆగిపోయాయి. వాగ్దేవికి సన్మానాలు జరిగాయి. ఆవిడ వాటికి పొంగిపోలేదు. తను దేనికీ చలించనన్న పేరు ఆవిడకి అన్ని సన్మానాలకంటే ఎక్కువ ఇష్టం.

ఇంతలో క్వాంటమ్ కంప్యూటర్లు బలిశాయి. పాత పెట్టెలు పెట్టే డిజిటల్ సంతకాన్ని అవి ఇట్టే విప్పేస్తున్నాయి. అందుకని కొత్త పెట్టెలు వచ్చాయి. పాత పెట్టె ఒక్కసారి, చివరిసారిగా సంతకం చేసి 'నా దగ్గరున్నదంతా ఇక ఆ కొత్త పెట్టెది' అనాలి. గడువు దాటితే పాత సంతకం చెల్లదు, సొమ్ము గొలుసులో అలా కనబడుతూనే ఉంటుంది, ఎవరికీ అందదు.

చిన్న ఖర్చుకి పెట్టె చిన్న నిమ్మళమే అడుగుతుంది. వంకాయలు కొనేటప్పుడు ఎవరి చెయ్యీ వణకదు. కానీ ఉన్నదంతా ఒకేసారి కదపాలంటే పూర్తి నిమ్మళం కావాలి. భీమిలి కేంద్రం ముందు ఆ వీణా ఆ ఊపిరి కసరత్తులూ అందుకే. ఉన్నదంతా కదిపేటప్పుడు నిమ్మళంగా ఉండే మనిషి ఎక్కడుంటాడు? ఈ ప్రశ్న పెట్టె చేసినప్పుడు వాగ్దేవికి తట్టలేదు.

గడువు చివరి రోజు మధ్యాహ్నం, పెట్టె తెరుచుకోవడం లేదని కబురొస్తే ఆవిడ నీలాలపేటకి వచ్చింది. సముద్రం ఒక్కో వీధినీ మింగుతూ వస్తున్న జాలరి పల్లె అది. ఊరంతా తుపాను భవనం పై అంతస్తులో కూర్చుని ఉంది. కింద స్తంభాలకి కెరటాలు కొట్టుకుంటున్నాయి. ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి సముద్రపు నాచు పెంచి, అది పీల్చుకున్న కార్బన్‌కి ప్రతిఫలంగా నాణేలు సంపాదించారు. ఆ ఉమ్మడి సొమ్ముతో కొండ మీద ఇళ్ళు కట్టుకోవాలి. స్థలం కొన్నారు, పునాదులకి ముగ్గులు కూడా పోశారు. సొమ్మంతా ఒకే ఒక్క పాత పెట్టెలో ఉంది. దానికి ఒకే ఒక్క చెయ్యి తెలుసు, గరికిన భూలోకం చెయ్యి.

భూలోకం నలభై ఏళ్ళవాడు, పొడగరి, భుజాలు పడవ తెడ్ల మీద పెరిగినవి. చూస్తే గోడని తోసేసేలా ఉన్నాడు. పెట్టె మీద చెయ్యి పెట్టగానే వేళ్ళు టపటపా కొట్టుకున్నాయి.

"తమ చేతిలో అలజడి ఉంది. స్థిమితపడ్డాక రండి," అంది పెట్టె మెత్తగా.

"పొద్దున్నించీ ఇదే పాట పాడతంది," అన్నాడు భూలోకం. "నానేటి సెయ్యను డాకటరమ్మా?"

"నీకు బాగా అలవాటైన పని ఏదైనా తలుచుకో. తుపానులో కూడా వేటకి వెళ్ళావటగా. అప్పుడు ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నాను."

"మరి అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

"అప్పుడు నా పేనవేగా పోయేది. ఇందులో అందరి కొంపలూ ఉన్నాయి."

వాగ్దేవి అతనిచేత ఊపిరి లెక్కపెట్టించింది. కళ్ళు మూయించింది. అందర్నీ బయటికి పంపించి చూసింది. అలా పంపించడం ఇంకా తప్పయింది, వాళ్ళు తలుపు బయట ఊపిరి బిగబట్టి నిలబడ్డారని అతనికి తెలిసిపోయింది. చివరికి అతను పెట్టె వైపు చూడకుండా వంటగది వైపు తిరిగి, వెనకనుంచి దొంగచాటుగా చెయ్యి పెట్టి చూశాడు. పెట్టె మళ్ళీ ఆ ముక్కే మర్యాదగా చెప్పింది. ఆ మర్యాద విని వాగ్దేవికి ఒళ్ళు మండింది. ఆ గొంతు తను ఎంచి పెట్టినదే.

కిటికీలోంచి వచ్చే ఎండ గోడ మీదికి పాకింది. పొద్దు గుంకడంతో గడువు సరి.

"ఒక దారుంది," అంది వాగ్దేవి, అందర్నీ మళ్ళీ లోపలికి పిలిచి. "పాత పెట్టెకి రెండో చెయ్యిని చేర్చవచ్చు. దానికి పెద్ద నిమ్మళం అక్కర్లేదు, భూలోకం ఒప్పుకుంటే చాలు. పాత పెట్టెలో రెండు చేతుల్లో ఏ ఒక్కటి పెట్టినా పని జరుగుతుంది. మీలో వణకని చెయ్యి ఎవరిదో చూద్దాం."

సంచిలోంచి ఒక ఖాళీ పెట్టె తీసి, పరీక్ష కోసం అందరిచేతా ముట్టించింది. ముట్టుకునేటప్పుడు ఊరి సొమ్ము తలుచుకోమంది. వరసగా ఆడా మగా వచ్చి చేతులు పెట్టారు. అన్నీ వణికాయి. నాచు కోతలో మొనగత్తె అనిపించుకున్న మనిషి పెట్టె దాకా వచ్చి, చెయ్యి పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. చివర్న భూలోకం బావమరిది ఎర్రయ్య వచ్చాడు. పళ్ళు కుట్టుకుంటూ వచ్చి అలవోకగా చెయ్యి ఆనించాడు. పెట్టె పచ్చగా వెలిగింది.

"దొరికాడు," అంది వాగ్దేవి.

"ఆడొద్దు," అంది సత్తెమ్మ. మైలపిల్లి సత్తెమ్మ ఆ ఊరికి పెద్ద. గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఎందుకొద్దు? చెయ్యి చూడండి, రాయిలా ఉంది."

"అందుకే."

ఎర్రయ్య కోపం తెచ్చుకోలేదు. నవ్వి, పక్కకెళ్ళి కూర్చున్నాడు. అతని అక్క, అంటే భూలోకం పెళ్ళాం, తల దించుకుంది. వాగ్దేవికి ఈ మనుషులు అర్థం కాలేదు. ఇళ్ళు పోతున్నాయని ఒక పక్క ఏడుస్తారు, పనికొచ్చే ఒక్క చెయ్యి చూపిస్తే వద్దంటారు.

"మరెవరున్నారమ్మా? పొద్దు వాలిపోతోంది."

సత్తెమ్మ ఆవిడని పైనుంచి కింది దాకా చూసింది. "ఈ సొమ్ముతో మీకేటి పని లేదు కదా?"

"నాకేం పని?"

"మీ సెయ్యి వొణుకుతాదా?"

వాగ్దేవి నవ్వి ఖాళీ పెట్టె మీద చెయ్యి పెట్టింది. పచ్చగా వెలిగింది. ఊరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వేరే దారి లేదని అందరికీ తెలుసు.

"అయితే అయిపోగానే ఆ సెయ్యి తీసీవాల," అంది సత్తెమ్మ. "పాతదానిలోనే కాదు, కొత్తదానిలో కూడా."

"పాతదాంట్లోని చేతుల ముద్రలు కొత్తదాంట్లోకి వాటంతటవే వస్తాయి. వచ్చాక నాది నేను తీసేస్తాను. ఒక్క క్షణం పని."

భూలోకం ఒప్పుకున్నాడు. పాత పెట్టె రెండో చెయ్యిని చేర్చుకుంది. వాగ్దేవి కొత్త పెట్టెని దాని పక్కన ఉంచి అరచెయ్యి ఆనించింది. పాత పెట్టె ఏ నసుగుడూ లేకుండా తెరుచుకుని చివరి సంతకం చేసింది. గొలుసు ఖాతాలో ఆ సంతకం నిలబడింది. కొత్త పెట్టె "అందింది" అంది. ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. భూలోకం నేల మీద కూలబడి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. బయట ఎండ ఇంకా కాస్త మిగిలే ఉంది.

వాగ్దేవికి గర్వంగా అనిపించింది. ఊరు ఊరంతా చెయ్యలేని పని తన చెయ్యి చేసింది.

"ఇక తీసీండి," అంది సత్తెమ్మ.

వాగ్దేవి కొత్త పెట్టె మీద చెయ్యి పెట్టి "నా ముద్ర తొలగించు" అంది. కొత్త పెట్టెల్లో ఆవిడ ఒక మెరుగు చేసింది. చేర్చిన చేతులన్నీ కలిసి ఆనితేనే పైసా అయినా కదులుతుంది. ఒకరి చేతిని ఇంకొకరు తొలగించలేరు, ఎవరిది వారే పూర్తి నిమ్మళంతో తీసుకోవాలి. ఎవరినీ బలవంతంగా బయటికి నెట్టకుండా ఆ ఏర్పాటు. దాని గురించి ఆవిడ పెద్ద వ్యాసమే రాసింది.

ఆ వ్యాసం గుర్తొచ్చినప్పుడే ఆ ఊహ కూడా వచ్చింది. ఈ చెయ్యి తీయకపోతే ఈ ఊరు తన మాట లేకుండా ఒక్క ఇటుక కొనలేదు. ఆవిడ ప్రయోగశాలకి నిధులు ఆగిపోయాయి. ఇందులో కొంత అడిగితే వీళ్ళు ఇస్తారు. ఇవ్వక ఏం చేస్తారు? ఊహ రెప్పపాటు కూడా నిలవలేదు. ఛీ అనుకుంది. కానీ అప్పటికే అందరి కళ్ళూ తన వేళ్ళ మీదే ఉన్నాయి, తనలో ఏం తిరిగిందో వాళ్ళకి కనబడిపోయిందేమో అనిపించింది. అరచేతిలో చెమ్మ ఊరింది.

"తమ చేతిలో అలజడి ఉంది. స్థిమితపడ్డాక రండి," అంది కొత్త పెట్టె.

"ఉక్కగా ఉంది," అంది వాగ్దేవి. చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పెట్టె మళ్ళీ వద్దంది. భూలోకానికి చెప్పినట్టే తనూ ఊపిరి లెక్కపెట్టుకుంది. లెక్క తప్పిపోయింది. మూడోసారి వేళ్ళు టపటపా కొట్టుకోవడం గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండునని ఆవిడకి అనిపించింది.

"నాకు ఇందాక ఒక పాడు ఆలోచన వచ్చింది," అంది వాగ్దేవి నెమ్మదిగా. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. "ఇప్పుడు లేదు. నిజంగా లేదు. కానీ చెయ్యి మాట వినడం లేదు."

"రాదేటి మరి," అంది సత్తెమ్మ. "మాకందరికీ వొచ్చింది. రాత్రిళ్ళు వొచ్చి కూకుంటాది."

ముసలావిడ మోకాళ్ళ మీద చేతులు మోపి లేచి దగ్గరికొచ్చింది. వాగ్దేవి మణికట్టు పట్టుకుని, బజారులో చేప తాజాదనం చూసినట్టు ఆ వణుకు చూసింది. ఆవిడ మొహం ఆ మధ్యాహ్నమంతటిలో మొదటిసారి తేటపడింది.

"మా ఊర్లో ఉమ్మడి సొమ్ము ఎవుల సేతికిస్తామో తెలుసా అమ్మగోరూ? ముట్టుకుంటే ఎవులికి వొణుకొస్తాదో ఆలికే. మా తాతలనాటి నించీ అంతే. భూలోకానికి అందుకే ఇచ్చేం. ఎర్రయ్యకి అందుకే ఇవ్వలేదు. ఇందాక మీ సెయ్యి వొణక్కుండా ఆ సొమ్ము తీసినప్పుడు నాకు గుండె జారిపోనాది. ఇప్పుడు నిమ్మళించింది."

"అంటే?"

"ఉండనీండి ఆ సెయ్యి."

"ఉండనిస్తే ప్రతి చెల్లింపుకీ నేను రావాలి సత్తెమ్మగారూ. సిమెంటు బస్తాకైనా సరే. ఇద్దరం కలిసి చేతులు పెడితేనే..."

"రండి. మంగళారం పునాదులు తవ్వేవోలికి డబ్బివ్వాల. పొద్దున్నే వొచ్చీండి, భూలోకం పెళ్ళాం వొండి పెడతాది."

"నేను రాకపోతే?"

"మా ఇళ్ళు లెగవు," అంది సత్తెమ్మ. "అది ఇప్పుడు మీకూ తెలుసును."

భూలోకం నేల మీదనుంచి తలెత్తి వాగ్దేవి వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, తనకి ఇన్నాళ్ళకి ఒక తోడు దొరికిందన్న సంబరం కూడా ఉంది. ఊరు లేచి తలుపుల వైపు కదిలింది. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరే ఆవిడకి దణ్ణం పెట్టారు. వాగ్దేవి పెట్టె మీదనుంచి చెయ్యి తీసి చీర కొంగుకి తుడుచుకుంది. తడి పోలేదు.