పదో మైక్రోస్కోపు

అమ్మాయి కనిపించడం లేదన్న ఫిర్యాదు ఇరవై ఏడో తారీఖు ఉదయం తొమ్మిదీ పదిహేనుకు స్టేషన్‌కి వచ్చింది.

ఇచ్చింది ఆ అమ్మాయి అక్క. పక్క ఊళ్లో రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పని చేస్తుంది. డ్యూటీకి సెలవు పెట్టి తెల్లారగానే బస్సెక్కింది.

ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుని వింది. స్టేషన్లో చాటుగా అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇలాంటి ఫిర్యాదులు చెవిదాకా వస్తాయి, అక్కడే ఆగిపోతాయి. లోపలికి రావడం ఎప్పుడో మానేశాయి.

"చెల్లెలితో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావమ్మా?"

"ఆరో తారీఖున మేడమ్. పోట్లాడుకున్నాం. చదువు మీద ధ్యాస లేదని తిట్టాను. ఇక ఫోన్ చెయ్యకంది. నేనూ పంతానికి పోయాను."

"మూడు వారాలు ఊరుకున్నావా?"

"లేదు మేడమ్. పదిహేడున చేస్తే స్విచాఫ్. యూనివర్సిటీ ఆఫీసుకి చేశాను. క్లర్కు రిజిస్టర్ చూసి, రోజూ వస్తోందమ్మా అన్నాడు. అలక తీరలేదు కాబోలనుకున్నా. నిన్న మళ్లీ చేశా. ఇవాళ కూడా వచ్చిందన్నాడు. పొద్దున గదికి వెళ్తే తాళం."

"ఇంటి ఓనర్లేమన్నారు?"

"వాళ్లు వేరే ఊళ్లో ఉంటారు. పక్కవాళ్లకి ఏమీ తెలీదు."

స్టేషన్ రైటర్ ఫోన్ అందుకున్నాడు. అమ్మాయి నిన్న క్లాసుకి వచ్చిందట. క్లాసు వదిలింది నాలుగింటికి. ఆ టైము తర్వాత ఏమైనా జరిగిందా అని ఆస్పత్రులు, స్టేషన్లు, రైల్వే పోలీసులు అందరినీ వాకబు చేశాడు. ఎక్కడా ఏమీ లేదు.

"పద" అంది పెద్దమ్మ.

అది చిన్న యూనివర్సిటీ. మొత్తం నాలుగు బిల్డింగులు. కీటకశాస్త్రం మూడోదాంట్లో చివర. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో పదిమంది స్టూడెంట్లు. అంతే డిపార్ట్‌మెంట్.

పదీ నలభైకి అక్కతో సహా ముగ్గురూ జీపు దిగారు. హెడ్ గుమ్మం దాకా ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో అటెండెన్స్ రిజిస్టర్.

"ఒక్క రోజు కూడా మానలేదండీ. చూడండి."

చూసింది. నెలంతా ప్రెజెంట్.

మిగిలిన తొమ్మిదిమందినీ ఒక్కొక్కరినే వరండాలోకి పిలిచింది.

"నిన్న వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. తన సీట్లోనే కూర్చుంది."

"ఏ రంగు బట్టలు?"

"గుర్తు లేదు మేడమ్."

రెండో కుర్రాడూ అంతే. వచ్చింది, తన సీట్లోనే కూర్చుంది, గుర్తు లేదు. మూడో అమ్మాయీ అంతే. తొమ్మిదిమందీ పాఠం అప్పజెప్పినట్టు అదే మాట.

రైటర్ రాసుకుంటూ, "అందరూ ఒకే మాట మీద ఉన్నారు మేడమ్, కేసు తేలికే" అన్నాడు.

పెద్దమ్మ ల్యాబ్ తలుపు తోసింది.

పొడవాటి బల్ల. దానిమీద పది మైక్రోస్కోపులు, పదింటికీ ప్లాస్టిక్ ముసుగులు. అన్నిటికీ నంబర్లు. ఎవరి నంబరు వాళ్లది.

"మా చెల్లిదేది?" అక్క అడిగింది. హెడ్ చూపించాడు. పదోది.

పెద్దమ్మ ముసుగు తీసింది. వేళ్లకి దుమ్ము అంటింది. లెన్సు కింద స్లైడ్ ఇంకా బిగించే ఉంది. వంగి ఐపీస్‌కి కన్ను ఆనించింది. ఏదో పురుగు రెక్క. స్లైడ్ అంచున చిన్న లేబుల్, దానిమీద పెన్సిల్‌తో రాసిన తారీఖు.

ఆ అంకె రెండుసార్లు చదివింది.

పన్నెండూ పదికి అందరినీ ల్యాబ్‌లోకి పిలిచింది. హెడ్, క్లర్కు, తొమ్మిదిమంది స్టూడెంట్లు. అక్క కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"ల్యాబ్ అయ్యాక స్లైడ్ ఏం చెయ్యాలి?" పెద్దమ్మ అడిగింది.

"తీసి పెట్టెలో పెట్టాలి" అన్నాడో కుర్రాడు. "మళ్లీసారి కొత్తది చేసుకోవాలి."

"ఈ నెల ఎనిమిది తర్వాత ఎన్ని ల్యాబులు జరిగాయి?"

"ఐదు."

"పదో మైక్రోస్కోపులో స్లైడ్ మీద ఎనిమిదో తారీఖు ఉంది. ఐదు ల్యాబుల్లోనూ ఆ అమ్మాయి అదే రెక్క చూస్తూ కూర్చుందా? ముసుగు తియ్యకుండానే?"

చివర నిలబడ్డ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది.

"రోజూ వస్తోందని సారు చెప్పమన్నారు మేడమ్. లేకపోతే మా కోర్సు ఎత్తేస్తారట."

హెడ్ రిజిస్టర్ బల్లమీద పెట్టాడు.

"కొత్త పాలసీ అండీ. పదిమంది ఉంటేనే కోర్సు. తొమ్మిదైతే మూసేస్తారు. ఇరవై తొమ్మిదిన లెక్క పంపాలి. ఎనిమిదో తారీఖున ల్యాబ్ మధ్యలో లేచొచ్చి, మానేస్తున్నానని ఫారం చేతికిచ్చింది. ఇరవై తొమ్మిది దాటాక పంపుదామని నా దగ్గరే ఉంచాను. వీళ్ల చదువు ఆగిపోకూడదనే..."

"ఏ టైముకి ఇచ్చింది?"

"పదకొండున్నర."

"ఆ ఫారం ఎక్కడుంది?"

సొరుగులోంచి తెచ్చాడు. ఫారానికి క్లిప్పుతో ఐడెంటిటీ కార్డు తగిలించి ఉంది.

"ఇదెందుకు మీ దగ్గరుంది?"

"కార్డు అప్పజెప్తేనే ఫారం తీసుకోవాలి. అది రూలు."

పెద్దమ్మ కార్డు మీది ఫొటో చూసింది. రైటర్ వైపు తిరిగింది.

"నిన్నటి నుంచి కాదు. ఎనిమిది నుంచి వెతుకు. పేరు తెలియనివాళ్లలో."

రైటర్ బయటికి వెళ్లాడు. నాలుగు నిమిషాల తర్వాత తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. పెద్దమ్మే బయటికి వెళ్లింది.

ఎనిమిదో తారీఖు. పన్నెండూ ఇరవై. బైపాస్ రోడ్డు బస్‌స్టాప్. లారీ గుద్దింది. ఫోన్ నుజ్జునుజ్జు. ఒంటిమీద పేరు చెప్పే కాగితం ఒక్కటీ లేదు. మార్చురీలో పంతొమ్మిది రోజులుగా ఉంది. ఇంకో రెండు రోజులు చూసి పూడ్చేసేవాళ్లు.

పెద్దమ్మ ఇలాంటివి చాలాసార్లు చెప్పింది. ఇదీ అలాగే చెప్పింది, తిన్నగా, ఒక్క మాట ఎక్కువ లేకుండా. అక్క వింది. తల ఊపింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. హెడ్ ఏదో అనబోయాడు. ఆమె అతని పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

మార్చురీలో మొహం చూడమనలేదు. బట్టలు చూపించారు. అక్క కుర్తా అంచు తిరగేసి చూసింది.

"కుట్టు నాదే" అంది.

సంతకం పెట్టింది. రెండూ ఇరవై అయింది.

హెడ్ మీద కేసు రాయడానికి రైటర్ స్టేషన్‌కి వెళ్లాడు. మార్చురీ బయట బెంచీ మీద పెద్దమ్మ, అక్క మిగిలారు.

"ఎందుకు మానేసిందో రాసిందా మేడమ్?"

పెద్దమ్మ ఫారం జెరాక్స్ ఇచ్చింది. కారణం అన్నచోట ఒకటే ముక్క ఉంది: ఈ సబ్జెక్టు నాకు నచ్చలేదు.

"నచ్చలేదా" అంది అక్క. "చెబితే తిట్టేదాన్నిలెండి" అంది. కాగితం మీదే చూపు ఉంచి, "ఆ రోజు ఎటు వెళ్తోందో తెలుసా?" అనడిగింది.

"మీ ఊరి బస్సు ఆగేది ఆ స్టాప్‌లోనే."

అక్క కాగితం మడిచింది. ఇంకో మడత వేసింది. కళ్లలో నీళ్లేం రాలేదు.

"మేడమ్, నాకు ఆకలేస్తోంది." సిగ్గుపడుతూ అంది. "ఇప్పుడు ఆకలేయడమేంటి? తప్పు కదూ?"

"తప్పేం లేదు. రా."

ఆస్పత్రి క్యాంటీన్‌లో బ్రెడ్డు, టీ తెచ్చి పెద్దమ్మ ఆమె ముందు పెట్టింది. అక్క తలొంచుకుని గబగబా తింది. ప్లేటు ఖాళీ అయింది.

"ఇంకోటి తెమ్మంటావా అమ్మా?"

"ఊఁ" అంది అక్క.

పెద్దమ్మ ప్లేటు తీసుకుని కౌంటర్ వైపు నడిచింది. ముందు ఇద్దరున్నారు. తన వంతు వచ్చేదాకా లైన్లో నిలబడింది.